ఎంటర్ నొక్కితే ఒక్కో స్క్రీన్‌లో ఒక్కో తీరు

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి మిర్యాలగూడలో రైస్ మిల్లుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. గేటు ఎంట్రీ, కాంటా, వడ్ల కొనుగోలు, పేమెంట్, స్టాకు, బియ్యం పంపకం అన్నీ కలిపి 38 స్క్రీన్లు. కంప్యూటర్‌లో బ్రౌజర్ మీద నడుస్తుంది, ఓనర్లకు ఫోన్ యాప్ కూడా ఉంది. నాలుగేళ్లుగా ఎవరికి తోచినట్టు వాళ్లం రాసుకుంటూ వచ్చాం. మొన్న యాసంగిలో ఒక మిల్లు గుమస్తా పేమెంట్ స్క్రీన్‌లో రైతు పేరు, మొత్తం కొట్టి ఎంటర్ నొక్కితే, బ్యాంకు వివరాలు నింపకుండానే సేవ్ అయిపోయింది. కాంటా స్క్రీన్‌లో ఎంటర్ నొక్కితే పక్క బాక్సులోకి పోతుంది, ఇక్కడా అంతే అనుకున్నాడట. “మీ దాంట్లో ఏ స్క్రీన్ తీరు దానిదే” అని ఓనర్ కోప్పడ్డారు. డిజైనర్‌ను పెట్టి రంగులు, బటన్లు అన్నీ ఒకేలా చేయిద్దామనుకుంటున్నాం. సరిపోతుందా? మొత్తం మళ్లీ రాయాల్సిందేనా?

జవాబు: మళ్లీ రాయనక్కర్లేదు. కానీ రంగుల జోలికి ఇప్పుడే పోకండి.

మీ గుమస్తా తప్పు చేయలేదు. కాంటా స్క్రీన్ రోజంతా నేర్పిన పాఠాన్నే పేమెంట్ స్క్రీన్‌లో అప్పజెప్పాడు. ఆ రెండు స్క్రీన్ల రంగులు ఒకేలా ఉండి ఉంటే ఈ పొరపాటు తప్పేదా? తప్పేది కాదు. పైగా ‘ఇదీ అలాగే నడుస్తుంది’ అన్న నమ్మకం ఇంకా గట్టిపడేది. పైకి ఒకేలా కనబడుతూ లోపల వేరేగా నడిచే స్క్రీన్ అన్నిటికన్నా ప్రమాదం. డిజైనర్ ముందొచ్చి రంగులు కలిపేసి వెళ్తే మీకు మిగిలేది అదే.

స్క్రీన్లను వాడటం తేలిక చేయడం మీద పనిచేసిన నిపుణుడు జాకబ్ నీల్సన్ 1994లో ఇచ్చిన పది సూత్రాల్లో నాలుగోది ఈ విషయమే చెబుతుంది: రెండు వేర్వేరు మాటలో, రెండు వేర్వేరు చర్యలో కనబడినప్పుడు, అవి రెండూ ఒకటేనా కాదా అని వాడేవాళ్లు తల పట్టుకోవాల్సిన పని ఉండకూడదు. ఇందులో రంగు ప్రస్తావనే లేదు. అందుకే పని వరస ఇలా పెట్టుకోండి. ముందు కీబోర్డు, తర్వాత అంకెలు తేదీలు, ఆ తర్వాత మాటలు, తర్వాత బటన్ల చోటు. రంగులు చిట్టచివర.

ఎంటర్ ఎందుకిలా చేస్తోందో కోడ్ తెరిస్తే తెలిసిపోతుంది. ముగ్గురు రాశారు కాబట్టి మూడు రకాలు దొరకొచ్చు. ఒకరు బాక్సులన్నిటినీ ఫారం ట్యాగ్‌లో (ఇవన్నీ ఒకే ఫారం అని బ్రౌజర్‌కు చెప్పే గుర్తు) పెట్టి సబ్మిట్ బటన్ ఇచ్చి ఉంటారు. అప్పుడు ఒకే లైను ఉండే ఏ బాక్సులో ఎంటర్ కొట్టినా బ్రౌజర్ తనంతట తానే ఫారాన్ని పంపేస్తుంది. మీ పేమెంట్ స్క్రీన్ ఈ రకమే అయి ఉండాలి. ఇంకొకరు ఫారం ట్యాగ్ లేకుండా ఉత్త డివ్‌లలో (పేజీని భాగాలు చేసే మామూలు ట్యాగులు) బాక్సులు పేర్చి ఉంటారు. అక్కడ ఎంటర్‌కు ఏమీ జరగదు. మూడోవారు కీ నొక్కినప్పుడు పక్క బాక్సుకు దూకేలా సొంతంగా కోడ్ రాసి ఉంటారు. ఇంకో మెలిక కూడా చూసుకోండి. ఫారం లోపలి బటన్‌కు టైప్ రాయకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్‌గానే లెక్కేస్తుంది. ఎంటర్ కొడితే ఫారంలో వరసగా మొదట వచ్చే సబ్మిట్ బటన్ పనిచేస్తుంది. ‘రైతును వెతుకు’ అనే చిన్న బటన్ సేవ్ కన్నా పైన ఉండి దానికి టైప్ రాయకపోతే, సేవ్ అవుతుందనుకున్న చోట వెతుకులాట మొదలవుతుంది. ‘ఒక్కోసారి సేవ్ కావట్లేదు’ అనే ఫిర్యాదులు మీకు వచ్చి ఉంటే ముందు ఇక్కడ చూడండి.

ఎంటర్ ఏం చేయాలన్నది మీ ముగ్గురి మధ్య ఓటింగ్‌తో తేలే సంగతి కాదు. మిల్లు గుమస్తాల్లో చాలామంది చేతులు మీ సాఫ్ట్‌వేర్ దగ్గరికి రాకముందే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో తిరిగి వచ్చినవి. ట్యాలీలో ఎంటర్ అంటే పక్క బాక్సు. చివరికి వచ్చాక ఒప్పుకుంటావా అని అడుగుతుంది, అప్పుడు సేవ్. జనం ఎక్కువ సమయం గడిపేది మీ సాఫ్ట్‌వేర్‌లో కాదు, వేరేవాళ్ల వాటిలో. ఆ అలవాటుతో పోట్లాడి గెలవలేరు. కాబట్టి 38 స్క్రీన్లలోనూ ఎంటర్ అంటే పక్క బాక్సు. చివరి బాక్సులో ఎంటర్ కొడితే సేవ్ బటన్ మీదికి చేరాలి, బటన్ మీద ఉండగా ఇంకోసారి కొడితే సేవ్ కావాలి.

అలాగని ట్యాలీ కీలన్నీ తెచ్చిపెట్టుకోకండి. ఎఫ్5 ట్యాలీలో పేమెంట్ వోచర్, బ్రౌజర్‌లో పేజీ రీలోడ్. కంట్రోల్+ఎ ట్యాలీలో సేవ్, బ్రౌజర్‌లో మొత్తం సెలెక్ట్ చేయడం. రెండు అలవాట్లు ఢీకొన్న కీని మీరు దేనికీ వాడకపోవడమే మేలు. ఎఫ్5 మాత్రం చేయి జారి నొక్కుతూనే ఉంటారు. కాబట్టి సగం నింపిన ఫారాన్ని కొన్ని సెకన్లకోసారి ఆ బ్రౌజర్‌లోనే దాచి, పేజీ మళ్లీ తెరుచుకున్నప్పుడు తిరిగి నింపండి.

‘పక్క బాక్సుకు దూకు’ అన్న కోడ్‌ను ఒక్కచోటే రాసి అన్ని ఫారాలకూ తొడగండి. రాసేటప్పుడు నాలుగు చోట్ల జాగ్రత్త. రిమార్కుల్లాంటి పెద్ద బాక్సులో ఎంటర్ కొత్త లైనుకే ఉండాలి. వేలు ఎంటర్ మీద రవ్వంత ఎక్కువసేపు ఉంటే కీ రిపీట్ వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా వదిలేయకపోతే చివరి బాక్సు నుంచి సేవ్ దాకా ఒకే నొక్కుకు వెళ్లిపోతుంది, సేవ్ బటన్‌ను వెంటనే ఆపకపోతే ఒకే రైతుకు రెండు పేమెంట్లు పడతాయి. మూడోది తెలుగు టైపింగ్. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు పొందే కీబోర్డుల్లో చాలాచోట్ల మాటను ఖాయం చేయడానికి కొట్టేది ఎంటరే. ‘వెంకటయ్య’ ఇంకా ఖాయం కాక, కింద గీతతో ఉండగానే మీ కోడ్ పక్క బాక్సుకు దూకితే పేరు సగంలో తెగుతుంది. కీ ఈవెంట్‌లో ‘ఈజ్ కంపోజింగ్’ (మాట ఇంకా తయారవుతోందని బ్రౌజర్ చెప్పే గుర్తు) నిజమైతే ఏమీ చేయకండి. నాలుగోది బార్‌కోడ్ స్కానర్. చాలా స్కానర్లు కోడ్ చివర తామే ఒక ఎంటర్ పంపిస్తాయి. గేటు పాస్ స్కాన్ చేయగానే ఫారం సేవ్ అయిపోతోందంటే కారణం అదే. పైన చెప్పిన మార్పుతో అదీ సర్దుకుంటుంది.

కీబోర్డు మీద ఉండగానే ఇంకొకటి. బరువుల బాక్సులకు నంబర్ టైప్ వాడారా? అయితే అందులో కింది బాణం నొక్కితే అంకె ఒకటి తగ్గుతుంది. ఎక్సెల్ అలవాటుతో కింది వరసకు పోదామని నొక్కిన చేయి 8,245ను 8,244 చేసి పోతుంది, ఎవరూ గమనించరు. మామూలు టెక్స్ట్ బాక్సు పెట్టి, ఫోన్‌లో అంకెల కీబోర్డు తెరుచుకునేలా ఇన్‌పుట్ మోడ్ ఇవ్వండి. తప్పు అక్షరాలను మీ కోడ్ వడకట్టాలి.

ఇక అంకెలు. ఇక్కడ తేడా వస్తే రైతు డబ్బు పోతుంది కాబట్టి దీన్ని గీసి గీసి చూడండి. లోడు బండి 12,465 కిలోలు, ఖాళీ బండి 4,220 కిలోలు, వడ్లు 8,245 కిలోలు. కాంటా స్క్రీన్‌లో ఇది కిలోలు. కొనుగోలు స్క్రీన్‌లో 82.45 క్వింటాళ్లు. హమాలీ లెక్కలో 40 కిలోల బస్తా అయితే 206 బస్తాల మీద 5 కిలోలు. మూడూ సరైనవే, మూడూ కావాల్సినవే. స్క్రీన్లన్నిటా కిలోలే పెట్టి ‘ఏకరూపత’ అనకండి, క్వింటాలు ధర చెప్పే చోట క్వింటాలే ఉండాలి. కావాల్సింది ఏమిటంటే, ప్రతి అంకె పక్కనా దాని కొలత కనబడాలి, బాక్సు లోపలే కుడి చివర, అన్ని స్క్రీన్లలో అదే చోట.

రౌండింగ్ కూడా ఒకేచోట జరగాలి. ఒక స్క్రీన్ 82.45ను 82.5గా చూపించి, ఆ చూపించిన అంకెతోనే గుణించిందనుకోండి. 2024-25లో ఎ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. 82.45తో గుణిస్తే 1,91,284. 82.5తో అయితే 1,91,400. ఒకే బండికి 116 రూపాయల తేడా, స్క్రీన్ మీద ఒకటి, రసీదు మీద ఇంకొకటి. కిలోలను, పైసలను పూర్ణ సంఖ్యలుగా డేటాబేస్‌లో పెట్టండి. గుణకారం సర్వర్‌లో ఒక్క ఫంక్షన్ చేయాలి. స్క్రీన్లు దాని జవాబును చూపించాలే తప్ప సొంతంగా లెక్క కట్టకూడదు. కామాలు కూడా అంతే. ఒకచోట 1,91,284, ఇంకోచోట 191,284 ఉంటే లక్షల్లో చదివే కన్ను తడబడుతుంది. భారత ఇంగ్లీషు లేదా తెలుగు లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఇస్తే బ్రౌజరే కామాలు సరిగ్గా పెడుతుంది. లొకేల్ రాయకుండా వదిలేస్తే ఆ కంప్యూటర్ సెట్టింగ్ ఏది ఉంటే అదే వస్తుంది.

తేదీలదీ అదే జబ్బు. బ్రౌజర్ సొంత తేదీ బాక్సు, కంప్యూటర్ లేదా బ్రౌజర్ భాషను బట్టి తేదీని చూపిస్తుంది. అమెరికా ఇంగ్లీషు ఉన్న కంప్యూటర్‌లో నెల ముందొస్తుంది. 03/04 అంటే మార్చి 4వ తేదీయా, ఏప్రిల్ 3వ తేదీయా? అందుకే కొన్ని మిల్లుల్లోనే తేదీలు తిరగబడతాయి, మీ ఆఫీసులో పరీక్షిస్తే దొరకవు. బయటికి కనబడే ప్రతి తేదీలో నెలను అక్షరాల్లో రాయండి: 3 ఏప్రి 2025.

మాటల దగ్గరికి వద్దాం. తెలుగు స్క్రీన్లలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తీసే మాట ‘రద్దు’. ఈ పెట్టె ఒకసారి ఊహించుకోండి: “ఈ బిల్లును రద్దు చేయాలా?” కింద రెండు బటన్లు, ‘సరే’, ‘రద్దు’. ఆ ‘రద్దు’ నొక్కితే బిల్లు రద్దవుతుందా, రద్దు చేయడం రద్దవుతుందా? ఇంగ్లీషు క్యాన్సిల్‌ను అన్నిచోట్లా ‘రద్దు’ అని మార్చుకుంటూ పోవడం వల్ల వచ్చిన గండం ఇది. ‘రద్దు’ను బిల్లు, గేటు పాస్ లాంటి కాగితం చెల్లకుండా చేయడానికి మాత్రమే ఉంచుకోండి. పెట్టె మూసి వెనక్కి పోవడానికి ‘వెనక్కి’ అనండి. పెట్టెలో బటన్ల మీద పనే రాయండి: ‘బిల్లు రద్దు చేయి’, ‘బిల్లు ఉంచు’. సరే, ఓకే అన్న మాటలు ఆ పెట్టెల్లో కనబడకూడదు.

సేవ్, సబ్మిట్, భద్రపరచు, అప్‌డేట్, ఓకే అని మీ స్క్రీన్లలో అయిదూ ఉండే ఉంటాయి. అందరూ నోటితో అనేది ‘సేవ్’, అదొక్కటే ఉంచండి. వడ్లు అమ్మినాయన ఒక స్క్రీన్‌లో రైతు, ఇంకోదాంట్లో పార్టీ, రిపోర్టులో సప్లయర్ అయితే, ఆ ముగ్గురూ ఒకరేనా అన్న సందేహం కొత్త గుమస్తాకు రాక మానదు. అయితే మిల్లులో ‘పార్టీ’కి వేరే అర్థం కూడా ఉంది, బియ్యం కొనే వ్యాపారి. అక్కడ ఆ మాటను వాళ్లకే వదిలేయండి. రెండు వేర్వేరు వాటికి ఒకే పేరు పెట్టడం, ఒకదానికి రెండు పేర్లు పెట్టడం కన్నా పెద్ద తప్పు. చేయి, చేయండి అన్న గొడవకు మేం వాడే కొలత: బటన్ మీది మాట మనిషి యంత్రానికి చెప్పేది కాబట్టి ‘సేవ్ చేయి’. యంత్రం మనిషితో మాట్లాడేటప్పుడు ‘ఖాళీ బండి బరువు రాయండి’. ఈ ఒక్క నియమంతో మర్యాద తేడాలు చాలావరకు తీరిపోతాయి.

బటన్ల చోటులో మీ కాంటా స్క్రీన్ గురించి విడిగా చెప్పాలి. వడ్లు వచ్చేటప్పుడు ముందు లోడు బండి తూగుతుంది, దింపాక ఖాళీ బండి. బియ్యం పోయేటప్పుడు ముందు ఖాళీ బండి, నింపాక లోడు. ‘మొదటి బరువు’, ‘రెండో బరువు’ అని పేర్లు పెడితే ఒకే పేరుకు పొద్దున ఒక అర్థం, సాయంత్రం ఇంకో అర్థం. లోడు బరువు ఎప్పుడూ పైన, ఖాళీ బరువు ఎప్పుడూ దాని కింద, నికరం అన్నిటికన్నా కింద ఉంచండి. తీసివేత కాగితం మీద వేసినట్టే ఉంటుంది. వరస మారినప్పుడు మారాల్సింది కర్సర్ మాత్రమే. ఇప్పుడు ఏది తూయాలో ఆ బాక్సు వెలగాలి, రెండోది మసకగా ఉండాలి.

కావాలని వేరేగా ఉంచాల్సినవీ ఉన్నాయి. ప్రతి సేవ్‌కూ ‘ఖాయమా?’ అని అడిగితే వారం తిరిగేసరికి ఎవరూ చదవరు, ఎంటర్ మీద ఎంటర్ కొట్టుకుంటూ పోతారు. బిల్లు రద్దు దగ్గర కూడా అదే చేస్తారు. కాబట్టి మామూలు సేవ్‌కు అడగనే వద్దు. బిల్లు రద్దుకు మాత్రం అలవాటైన చేయి ఆగేలా చేయండి: ఎంటర్ పనిచేయకూడదు, లారీ నంబరులో చివరి నాలుగు అంకెలు కొడితేనే బటన్ తెరుచుకోవాలి. రద్దయిన బిల్లు మాయం కాకుండా గీత కొట్టి జాబితాలోనే ఉండాలి. గేటు స్క్రీన్ కూడా వేరే. అక్కడ వాచ్‌మన్ నిలబడి, ఒక చేత్తో పాస్ పట్టుకుని చూస్తాడు. అతనికి పెద్ద అంకెలు, రెండు బాక్సులు చాలు. అకౌంట్స్ స్క్రీన్ పొందికను అక్కడ రుద్దకండి. 1989లోనే కంప్యూటర్ పరిశోధకుడు జోనాథన్ గ్రుడిన్ ఈ వాదన చేశారు, పనిని పక్కనపెట్టి ఏకరూపతను ఏకరూపత కోసమే పట్టుకుంటే వాడేవాళ్లకు నష్టమని. ఫోన్ యాప్‌కూ ఇదే వర్తిస్తుంది. అమరిక ఫోన్‌కు తగ్గట్టు ఉండనీయండి, మాటలు, స్థితుల పేర్లు, అంకెల రూపం మాత్రం కంప్యూటర్‌తో అక్షరం అక్షరం కలవాలి. వేలికి తగిలే ప్రతిదీ ఆండ్రాయిడ్ చెప్పే 48 డీపీ (ఫోన్ స్క్రీన్ మీద సైజు కొలత) కన్నా చిన్నది కాకూడదు.

రంగుల గురించి కొద్దిగానే. కోడ్‌లో ‘ఆకుపచ్చ’ అని పేరు పెట్టకండి, ‘చెల్లించినది’ అని పెట్టండి. అప్పుడు ఆ రంగును ‘బండి లోపల ఉంది’కి వాడాలంటే చేయి ఆగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనబడనివాళ్ల కోసం రంగు పక్కన మాట కూడా ఉండాలి. తెలుగు అక్షరాలకు లైన్ ఎత్తు కనీసం 1.6 ఇవ్వండి. ఇంగ్లీషుకు సరిపోయిన 1.2లో ఒత్తులు తెగుతాయి, బటన్లు ఎగుడుదిగుడుగా కనబడతాయి. విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో అని ఎక్కడి ఫాంట్ అక్కడ రాకుండా ఒక ఫాంట్‌ను మీరే జతచేయండి.

పని ఎలా మొదలుపెట్టాలంటే, ఒక షీట్‌లో 38 వరసలు గీయండి. నిలువు గళ్లు ఎనిమిది: ఎంటర్ ఏం చేస్తుంది, ఎస్కేప్ ఏం చేస్తుంది, సేవ్ బటన్ మీది మాట, దాని చోటు, కొలతలు, తేదీ రూపం, తీసేయడం ఎలా, తప్పు చేస్తే ఎక్కడ చెబుతుంది. ఎవరు రాసిన స్క్రీన్‌ను వాళ్లు నింపకూడదు, పక్కవాళ్లు నింపాలి. తర్వాత ఫారం తొడుగు, అంకెల బాక్సు, తేదీ బాక్సు, బటన్, హెచ్చరిక పెట్టె, ఈ అయిదింటినీ ఉమ్మడిగా ఒక్కసారి రాసి, స్క్రీన్లలో ఉత్త ట్యాగులు నేరుగా రాస్తే బిల్డ్ ఆగిపోయేలా లింట్ నియమం (కోడ్‌ను తనంతట తానే తనిఖీ చేసే నియమం) పెట్టండి. నోటి మాట ఒప్పందాలు రెండో నెలకే మరచిపోతారు.

మాటలు, రంగులు స్క్రీన్ తర్వాత స్క్రీన్‌గా మార్చొచ్చు. ఎంటర్ మాత్రం 38 చోట్లా ఒకే రోజు మారాలి. సగం మార్చి సగం వదిలితే ఇప్పటికన్నా అధ్వాన్నం. ఆ రోజు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో గానీ, ఏప్రిల్, మే నెలల్లో గానీ పడకూడదు. సాగర్ ఎడమ కాలువ కింది వడ్లన్నీ మిల్లు ముందు నిలబడ్డప్పుడు కొత్త అలవాటు నేర్పలేరు. వానాకాలం నాట్లు పడుతున్న జులై, ఆగస్టు మీకు సరైన అదను. మార్పు వల్ల వచ్చే కొత్త ప్రమాదమూ ఉంది. పేమెంట్ స్క్రీన్‌లో ఎంటర్‌తో సేవ్ చేయడానికి అలవాటుపడ్డవాళ్లు, ఎంటర్ కొట్టి సేవ్ అయిందనుకుని లేచిపోతారు. ఒక సీజన్ పాటు స్క్రీన్ పైన ‘ఇంకా సేవ్ కాలేదు’ అన్న పట్టీ ఉంచండి. సేవ్ కాని ఫారం వదిలి వేరే స్క్రీన్‌కు పోతుంటే అడ్డుపడండి.

సీజన్‌కు ముందు ఒక గుమస్తాను పిలిచి, అతను అరుదుగా తెరిచే స్క్రీన్, గన్నీ సంచుల స్టాకు లాంటిది, ముందు పెట్టి ఒక ఎంట్రీ కొట్టమనండి. మీరు నోరు విప్పకండి. చేయి ఎక్కడ ఆగింది, కీబోర్డు వదిలి మౌస్ ఎక్కడ అందుకున్నాడు, ఏ మాట దగ్గర మీ వైపు చూశాడు, ఈ మూడూ షీట్‌లో ఆ స్క్రీన్ వరసలో రాసుకోండి. ముగ్గురు గుమస్తాలు ఒకే చోట ఆగితే ఆ చోటును సీజన్ మొదలయ్యేలోపే సరిచేయండి. ఒక్కరే ఆగితే యాసంగి కోతలకు ముందు, ఫిబ్రవరి రిలీజ్ దాకా ఆగొచ్చు.